తొమ్మిదో భాషాభాగం

కొవ్వూరు బడిలో నా దగ్గర చదివినవాళ్ళు చాటుగా నన్ను 'ఎనిమిది మాస్టారు' అనేవారు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఎవర్నీ దండించలేదు, ఎందుకంటే ఆ పేరంటే నాకు లోపల్లోపల ఇష్టంగానే ఉండేది. ఇంగ్లీషులో భాషాభాగాలు ఎనిమిదేనని నేను, కాదు తొమ్మిదని మా బడి రెండో మాస్టారు, ఆరేళ్ళ పాటు కొట్టుకు చచ్చాం. తగాదా అంతా 'ఎ', 'ద' అనే రెండు చిన్న ముక్కల గురించి. నామవాచకానికి ముందు వచ్చి నిలబడే ఆ ముక్కల్ని ఆర్టికల్ అంటారు. వాటిని విడిగా ఒక భాగం కింద లెక్కపెట్టాలని ఆయన వాదం. అవి విశేషణాల చాటున బతికే ముక్కలు, వాటికి వేరే పీట ఎందుకని నా వాదం. పరీక్షాధికారి దొర వచ్చినప్పుడు ఆయన ఎదట కూడా వాదించుకున్నాం. ఆ దొర నవ్వి, ఎలా చెప్పినా పరవాలేదన్నాడు. నేను గెలిచానని ఊళ్ళో చెప్పుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా అడిగితే తొమ్మిది అనే చెబుతున్నాను. ఎందుకు మారానో రెండో మాస్టారికి చెప్పలేదు. ఆయన వేరే ఊరు వెళ్ళిపోయాడు, ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట కనుక ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు మాట తన పని ఏమిటో చాలా వరకు తన చివరనే పెట్టుకుని తిరుగుతుంది. తడి అంటే ఒకటి, తడుపు అంటే ఇంకొకటి, తడిసిన అంటే మరొకటి. చివర చూసి పోల్చుకోవచ్చు. ఇంగ్లీషు మాటలు చాలావాటికి ఆ గుర్తు లేదు. అదే మాట, అవే అక్షరాలు, ఎక్కడ కూర్చుంటే అక్కడి పని చేస్తుంది. వాటర్ అంటే నీళ్ళు. 'వాటర్ ద గార్డెన్' అంటే తోటకి నీళ్ళు పెట్టు. బాయిల్ అంటే మరగడం, బాయిల్ అంటే కురుపు. పిల్లలకి ఇది మింగుడుపడేది కాదు. మా డెల్టాలో లాకు అంటే కాలవ మీద పడవల్ని దించడానికీ ఎక్కించడానికీ కట్టిన పెద్ద తలుపుల కట్టడం. నేను నల్లబల్ల మీద 'లాక్ ద డోర్' అని రాస్తే ఒకడు లేచి, "తలుపుకి లాకేంటండి మాస్టారూ, కాలవకి కదండీ లాకు?" అన్నాడు. వాడికి రెండు దెబ్బలు పడ్డాయి. వాడు అడిగింది మంచి ప్రశ్న. నాకు మంచి ప్రశ్న అడిగినవాళ్ళ మీదే కోపం వచ్చేది.

నా భార్యకి ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కుని చదివేది. మాకు పిల్లలు కలగలేదు, మా అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. సాయంత్రాలు అరుగు మీద నలుగురైదుగురికి నేను పాఠం చెబుతుంటే, ఆవిడ లోపల గుమ్మం పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేది. అలా వినీ వినీ ఎనిమిది భాగాల పేర్లూ, వాటి పనులూ నేర్చేసుకుంది. ఒక్క ఇంగ్లీషు మాట రాకుండానే వాటి కులాలన్నీ తెలుసుకున్న మనిషి.

కూర చప్పగా ఉందని నేను మొహం ముడిస్తే, "ఇవాళ వంకాయ వట్టి నామవాచకమేనండి. విశేషణం వెయ్యడం మర్చిపోయాను" అనేది. నేను బడిలో కోపం ఇంటికి మోసుకొస్తే, "మీ కోపం అవ్యయమండి. లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు. ఎవరి మీదైనా ఒక్కలాగే ఉంటుంది" అనేది. మరి నువ్వేంటని ఒకసారి నేనే సరదాగా అడిగాను. "నేను సర్వనామాన్ని కదండీ. పనిమనిషి రాకపోతే పనిమనిషి బదులు. మీ అమ్మగారు మంచం పట్టినన్నాళ్ళూ ఆవిడ చేతుల బదులు. నా సొంత పేరుతో ఎవరికి పనండీ?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఏమైనా ఉందేమోనని నేను చూడలేదు. ఆ రోజుల్లో నాకు అలాంటివాటికి తీరిక లేదు.

ఒంట్లో బాగోకపోతే చెప్పే మనిషి కాదు. చెయ్యి కాలితే తడిగుడ్డ చుట్టుకుని వంట కానిచ్చేది. అలాంటి మనిషి ఒక శ్రావణమాసంలో, "వీపు మీద ఏదో సలుపుతోందండీ" అని తనంతట తాను చెప్పింది. అప్పుడైనా నేను ఉలిక్కిపడాల్సింది. ఆముదం రాసుకోమన్నాను.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. స్తంభాలు లేచాయి గాని వాటి మీద ఇంకా ఏమీ పరవలేదు. మా వీధి చివర నిలబడి చూస్తే ఆ మొండి స్తంభాలు రాజమండ్రి ఒడ్డుదాకా వరసగా కనబడేవి. అవతలికి వెళ్ళాలంటే పడవ ఒక్కటే దారి. ఎగువన వానలు మొదలై నీళ్ళు రంగు మారుతున్నాయి.

పదో రోజుకి ఆవిడ వెల్లకిలా పడుకోలేకపోయింది. నేను అప్పుడు చూశాను. రెండు భుజాల మధ్య అరచేతి వెడల్పున ఎర్రగా, రాయిలా గట్టిగా ఉంది. దాని మీద జల్లెడకి ఉన్నట్టు చిన్న చిన్న నోళ్ళు ఉన్నాయి. ఊళ్ళో వైద్యుణ్ణి పిలిచాను. పెద్దాయన, నిజం చెప్పే మనిషి. చూసి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పంతులుగారూ, ఇది రాచకురుపండి. నేను వేసే పట్లకి, ఇచ్చే మందులకి లొంగేది కాదు. కోత పడాలి. అవతల ఒడ్డున ఆడవాళ్ళకి వైద్యం చేసే దొరసాని ఉందట. ఆవిణ్ణి పిలిపించండి."

"పడవలో తీసుకెళ్ళమంటారా?"

"వద్దండి. ఆ కుదుపులకి లోపల పగిలితే కష్టం. ఆవిడే రావాలి."

"ఎన్నాళ్ళు ఆగొచ్చండీ?"

"నాలుగు రోజులు. విషం లోపలికి తిరిగిందంటే ఆ పైన ఎవరొచ్చినా లాభం లేదండి."

అది గురువారం ఉదయం. నేనే పడవెక్కి వెళ్ళాల్సింది. పక్కింటావిడ, "నేను కనిపెట్టుకుని ఉంటాను, వెళ్ళిరండి" అని కూడా అంది. వెళ్ళలేదు. వెళితే దొరసాని బంగళా మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. దొరల ముందు నోటి ఇంగ్లీషు నాకు తడబడుతుంది. కాగితం మీద మాత్రం నేను ఎవరికీ తీసిపోనని నా నమ్మకం. అందుకని నా బదులు కాగితాన్ని పంపాను.

తెలుగులో రాసినా సరిపోయేది. దొరసాని కొత్తగా వచ్చింది, ఆవిడకి తెలుగు రాదు గాని, తెలుగు చదివి చెప్పడానికి బంగళాలో ఒక మునిషీ ఉన్నాడని ఇటువైపు అందరికీ తెలుసు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని నేనే వెళ్ళగొట్టాను. ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పి, భార్య ప్రాణం మీదకి వచ్చినప్పుడు మునిషీ చేత చదివించుకునే తెలుగు రాయడమా అనుకున్నాను.

మొదట 'సిక్' అని రాశాను. దొరల ఇళ్ళలో బట్లర్లు కూడా వాడే మాట అని కొట్టేశాను. 'పేషెంట్' అని రాశాను. వైద్యుల దగ్గర చెల్లే మాట, దానికో బరువు ఉందనిపించింది. పేషెంట్ అంటే రోగి, అప్పుడది నామవాచకం. అదే మాట విశేషణమైతే ఓర్పు గలది అని అర్థం. ఈ సంగతి నాకు తెలియక కాదు. అంతకు ముందు నెలలోనే పై తరగతికి ఈ మాటనే రెండు రకాలుగా విడగొట్టి చూపించాను. ఏది ఎక్కడో ఎలా తెలుస్తుందండీ అని ఒకడు అడిగితే, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది కూర్చో అని గద్దించాను. ముందు 'ఎ' ఉంటే రోగి, లేకపోతే ఓర్పు అని చెప్పొచ్చు. చెబితే ఆ చిన్న ముక్కకి పీట వేసినట్టవుతుంది. పక్క గదిలోనే రెండో మాస్టారు ఉన్నాడు.

రాచకురుపుకి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. మామూలు కురుపుకి వాడే మాటే వేశాను. 'మై వైఫ్ ఈజ్ పేషెంట్ విత్ బాయిల్ ఆన్ బ్యాక్ ఫర్ టెన్ డేస్. కైండ్లీ విజిట్ ఎట్ యువర్ లీజర్.' నా మనసులో ఉన్న తెలుగు ఇది: నా భార్య రోగి, పది రోజులుగా వీపున కురుపు, తమరు తీరిక చూసుకుని దయచేయండి.

ఆ చివరి మాట గురించి కూడా చెప్పాలి. మా వైపు పెద్దవాళ్ళని వెంటనే రండి అనం. అంటే అధికారం చేసినట్టు ఉంటుంది. "తీరిక చూసుకుని ఒకసారి వస్తారాండి" అంటాం. ఆ మాట వినగానే అవతలివాళ్ళు కంచం ముందు నుంచి లేచి వస్తారు, ఎంత బాధ దిగమింగుకుని అన్నామో వాళ్ళకి తెలుసు కనుక. నేను ఆ మర్యాదని మాటకి మాట ఇంగ్లీషులో పెట్టాను. ఇంగ్లీషులో తీరిక అంటే నిజంగా తీరికే.

ఉత్తరం మడిచి రేవులో పడవవాడికి ఇచ్చాను. మా ఇంటిపక్క వీధివాడే, నా భార్య చేతి మజ్జిగ ఎన్నోసార్లు తాగినవాడు. "ఆయ్, దొరసానమ్మగారి చేతికే అందేలా చూత్తానండి" అని తలపాగాలో దోపుకున్నాడు.

ఉత్తరం పంపాక నాకు ధైర్యం వచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పూట బడికి కూడా వెళ్ళాను.

శుక్రవారం సాయంత్రం జవాబు వచ్చింది. మంచి కాగితం, గుండ్రటి రాత. 'మీ భార్య కురుపుని అంత ఓర్పుగా భరిస్తోందని తెలిసి సంతోషించాను. ఈ లోపల వేడినీళ్ళ కాపడం పెట్టించండి. మీరు దయతో నా తీరికను బట్టి రమ్మన్నారు కనుక, రేపు కాక పై శనివారం ఆ ఒడ్డున నాకు పని ఉంది, అప్పుడు వచ్చి చూస్తాను.' ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. అంత చక్కని ఉత్తరం నాకు అంతకు ముందు ఎవరూ రాయలేదు.

మొదటి వాక్యం చదువుతూనే నాకు అర్థమైంది. రెండోసారి చదవాల్సిన పని లేకపోయింది. అయినా చదివాను. నా ఉత్తరంలో లేని ఒక్క అక్షరం కోసం ఆవిడ ఉత్తరంలో వెతికాను.

అరుగు మీదే కూర్చుని రెండో ఉత్తరం రాశాను. ఈసారి 'ఎ పేషెంట్' అని రాసి, ఆ 'ఎ' కింద రెండు గీతలు గీశాను. ప్రాణం పోతోంది, ఈ పూటే రండి అని రాశాను. మర్యాద అంతా తీసేశాను. దాన్ని పట్టుకుని రేవుకి పరిగెత్తాను. పడవలన్నీ పైకి లాగి కట్టేస్తున్నారు. గోదారి ఒడ్డు కోసుకుంటూ ఎర్రగా పోతోంది. పెద్ద పెద్ద మానులు కొట్టుకొచ్చి వంతెన స్తంభాలకి తగులుతున్నాయి.

"ఒక్కసారి దింపరా" అన్నాను పడవవాడితో.

"ఎలా దింపమంటారండి? ఇందాక వత్తంటేనే సగం దూరం కొట్టుకుపోయి ఎక్కడో తేలేనండి."

"మనిషి పోతుందిరా."

"ఎక్కినోళ్ళందరూ పోతారండి బాబూ."

వాడు అబద్ధం చెప్పడం లేదు. నోటితో చెప్పలేకపోయావా ఆవిడ లేవలేకుండా ఉందని, అని వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్పబోయేనండి. అమ్మగారు లెగలేకుండా ఉన్నారు, కాత్త తొందరగా రమ్మనండి అన్నాను. అక్కడ బట్లరుగారు, చీటీ ఉందిగా, మళ్ళీ నీ నోరెందుకు అన్నారండి. నిజమే కదా, పంతులుగారి ఇంగిలీసు ముందు నా మాటెంత అని ఊరుకున్నానండి."

శని, ఆది, సోమ, మూడు రోజులూ ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి రేవుకి వెళ్ళొచ్చాను. నీళ్ళు తగ్గలేదు. అవతల ఒడ్డు కనిపిస్తూనే ఉంది. రాజమండ్రిలో బట్టలారేసుకునేవాళ్ళు కూడా చుక్కల్లా కనిపించేవారు. వైద్యుడు రోజూ వచ్చి చూసి, తలగడ సర్ది వెళ్ళేవాడు. నాలుగో రోజు దాటాక నేను అడగడం మానేశాను.

సోమవారం మధ్యాహ్నం జ్వరం కాస్త దిగినట్టుంటే ఆవిడ నన్ను పిలిచింది. బోర్లా పడుకుని, మొహం నా వైపు తిప్పుకుని ఉంది.

"ఏమండీ, దొరసాని ఏం రాసింది?"

"వస్తానని రాసింది."

"ఎప్పుడట?"

"శనివారం."

"శనివారం మొన్న వెళ్ళిపోయింది కదండీ."

"వచ్చే శనివారం."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నా గురించి ఏమని రాశారు మీరు?"

"పేషెంట్ అని రాశాను. అంటే రోగి."

"అదొక్కటేనా? మీ మాటలు ఒక్కో చోట ఒక్కో పని చేస్తాయి కదండీ."

ఇన్నేళ్ళు గుమ్మం పక్కన కూర్చుని విన్న మనిషితో అబద్ధం ఎలా చెప్పను? ఓర్పు గలది అని కూడా అర్థం ఉందన్నాను.

"మరి ఆవిడ ఏదనుకుంది?"

నేను విసనకర్ర అందుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది. బడిలో ఏ పిల్లాడూ అంత తొందరగా జవాబు పట్టుకోలేదు.

"విశేషణం అనుకుందన్నమాట" అంది. తరవాత, నన్ను ఓదారుస్తున్నట్టే, "పోనీలెండి. మీరు నా గురించి విశేషణం వాడటం ఇదే మొదలు కదండీ" అంది.

నేను లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ దెప్పడానికి అనలేదు, ఆవిడకి దెప్పడం రాదు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ వంటని అన్నాను, ఇంటిని అన్నాను, ఆలస్యాన్ని అన్నాను. ఆవిడ ఇలాంటిది అని ఆవిడతో గాని, ఇంకొకరితో గాని ఒక్క మాట అన్న గుర్తు లేదు. ఆ పూట కూర్చుని వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు.

మంగళవారం అంతా ఒళ్ళెరగలేదు. బుధవారం పొద్దున్న పాలవాడు వచ్చే వేళకి ఆయాసం ఆగిపోయింది. పక్కింటావిడ చూసి చెప్పేదాకా నేను విసనకర్రతో విసురుతూనే ఉన్నాను.

గురువారానికి వరద తియ్యడం మొదలైంది. శుక్రవారం పడవలు దించారు.

చెప్పిన ప్రకారం శనివారం దొరసాని వచ్చింది. నల్ల గొడుగు, మందుల పెట్టె, వెనక మునిషీ. ఎండలో నడిచి రావడంతో మొహం కందిపోయి ఉంది. మంచి మనిషేనని చూడగానే తెలుస్తుంది. గుమ్మంలో నిలబడి నవ్వుతూ, 'వేర్ ఈజ్ యువర్ పేషెంట్ వైఫ్?' అని అడిగింది.

దీని కోసం మూడు రోజులుగా వాక్యాలు కూర్చుకుంటున్నాను. నా తప్పు ఏమిటో, ఆవిడ తప్పు లేదని, ఇంకోసారి ఇటువైపు నుంచి ఎవరైనా తీరిక చూసుకుని రమ్మంటే వెంటనే బయలుదేరమని చెప్పాలనుకున్నాను. నోటికి వచ్చింది పాత వాక్యమే.

'మై వైఫ్ వాజ్ పేషెంట్' అన్నాను.

క్రియ ఒక్కటే మారింది. మిగతాదంతా ఉత్తరంలో రాసినట్టే ఉంది. ఈసారి దాని ముందు ఏ ముక్కా అక్కర్లేదు.

దొరసాని నవ్వు ఆగిపోయింది. లోపల ఖాళీ మంచం వైపు చూసి తల దించుకుంది. మెల్లిగా మునిషీతో ఏదో అంది. రెండో ఉత్తరం నా జేబులోనే ఉంది, తియ్యలేదు.

మునిషీ చేతులు కట్టుకుని, "తమరి భార్య చాలా ఓర్పు గలవారని దొరసానిగారికి మీ ఉత్తరంలోనే తెలిసిందటండి" అన్నాడు.

"అవునండి" అన్నాను.